జొన్నరొట్టె, మతిభ్రమ: హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన

దక్కను పీఠభూమిలో పేదవాని కంచంలో తరతరాలుగా ఉన్నది జొన్నరొట్టె. వరి పండే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలవారికి పెల్లాగ్రా అనే పేరు కొత్తగా తోచవచ్చు. అది ప్రధానంగా జొన్న, మొక్కజొన్నల మీదనే బ్రతికేవారి వ్యాధి. ఎండ సోకే చోట్ల, అంటే చేతులమీద, పాదాలమీద, మెడచుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన నిద్ర పోతుంది, విచారం ఆవరిస్తుంది, చివరకు మతి చలిస్తుంది. చికిత్స లేకపోతే మరణమే.

మతి చలించిన మనిషిని చూసి జిన్ను ఆవహించిందనుకొని తాయెత్తుల కోసం తిరగడం మన సమాజంలో నేటికీ ఉన్నదే. జిన్నుల ఉనికిని ఖుర్‌ఆన్ తెలిపింది నిజమే. ప్రతి మతిభ్రమనూ వారికి అంటగట్టమని మాత్రం చెప్పలేదు. మందు లేని రోగాన్ని అల్లాహ్ దింపలేదని దైవప్రవక్త (స) బోధించారు. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ గ్రంథంలో శరీరానికి వచ్చే వ్యాధి మనసును, మనసుకు వచ్చే వ్యాధి శరీరాన్ని కలత పెడతాయని వివరించాడు. పెల్లాగ్రా ఆ మాటకు కళ్ళెదుటి సాక్ష్యం.

19వ శతాబ్ది చివర ఈజిప్టులో మొక్కజొన్న తినే రైతుకూలీలలో శాండ్విత్ అనే వైద్యుడు ఈ రోగాన్ని గుర్తించాడు. అమెరికాలో 1914 నుంచి గోల్డ్‌బెర్గర్ దీని వెంటపడ్డాడు. పిచ్చాసుపత్రులలో రోగులకు వస్తున్న ఈ వ్యాధి, వారితోనే మసలే నర్సులకు రావడం లేదని ఆయన గమనించాడు. కప్పు ఒక్కటే, కంచాలు వేరు! ఇది అంటువ్యాధి కాదు, తిండిలోని లోపమని దానితో తేలింది. 1937లో ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లం అనే విటమిన్‌ను దీనికి విరుగుడుగా కనుగొన్నాడు.

కాని జొన్న విషయంలో చిక్కు తీరలేదు. జొన్నలో ఆ విటమిన్ మరీ తక్కువేమీ కాదు. శరీరం దాన్ని తయారు చేసుకోవడానికి వాడుకొనే ట్రిప్టోఫాన్ కూడా ఉన్నది. మరి జొన్న తినేవారికి ఈ రోగం ఎందుకు? ఈ ప్రశ్నను పట్టుకున్నవారు డాక్టర్ సి. గోపాలన్. 1918లో సేలంలో పుట్టి, మద్రాసులో వైద్యమూ లండన్‌లో పరిశోధనా చేసిన ఆయన మానసిక వైద్యుడు కాదు, పోషకాహార శాస్త్రజ్ఞుడు. ఆయన పనిచేసిన పరిశోధనాలయం 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది. పెల్లాగ్రా రోగులు అక్కడి ఆసుపత్రులకే వచ్చేవారు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య ‘లాన్సెట్’ పత్రికలో తమ వాదాన్ని ప్రకటించారు. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అనే ఆమ్లం మోతాదుకు మించి ఉండటం వల్ల విటమిన్ తయారీ, వినియోగం దెబ్బతింటున్నాయన్నదే ఆ వాదం. జొన్న పెట్టిన కుక్కలకు నాలుక నల్లబడే వ్యాధి వచ్చింది. మనిషిలోని పెల్లాగ్రాకు అది సాటి. రోగుల మెదడు విద్యుత్ తరంగాలను కూడా హైదరాబాదు వైద్యులు నమోదు చేసి చూశారు. లూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల కోసం అన్వేషణ సాగింది.

ఈ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఇతర ప్రయోగాలన్నిటిలోనూ ఇవే ఫలితాలు రాలేదు. బి6 విటమిన్ కొరత కూడా కారణమని హైదరాబాదు సంస్థలోనివారే తర్వాత చూపారు. చికిత్స విషయంలో మాత్రం వివాదం లేదు. కొన్ని వారాలపాటు విటమిన్ మాత్రలు, మంచి ఆహారం ఇస్తే మతి తప్పినవాడు మళ్ళీ ఇంటివారిని గుర్తుపట్టి మాట్లాడతాడు. అయితే మాత్రలతో కోలుకున్న కూలీ తిరిగి వెళ్ళేది ఆ రొట్టె దగ్గరకే గదా! పప్పు, పాలు, మాంసం కొనే శక్తిని ఏ ఆసుపత్రీ చీటీమీద రాసి ఇవ్వలేదు.

1974లో గోపాలన్ భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా వెళ్ళారు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. తెలంగాణా పల్లెలలో పేదల తిండి క్రమంగా జొన్న నుంచి వరికి మరలింది. పెల్లాగ్రా రోగులు ఆసుపత్రులలో అరుదైపోయారు. 2019లో నూరేండ్లు నిండి గోపాలన్ కన్నుమూసేనాటికి ఈ రోగం ఎక్కువగా తాగుడుకు బానిసలైనవారిలో కనిపించేదిగా మిగిలింది.