ఈసీఐఎల్ చేజార్చుకున్న కంప్యూటర్ మార్కెట్

హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు వెళ్లే సిటీ బస్సుల మీద ‘ఈసీఐఎల్’ అని రాసి ఉంటుంది. ఎక్కేవాళ్లలో చాలామందికి అదొక చౌరస్తా పేరు. 1970లలో మాత్రం మన దేశంలో తయారైన కంప్యూటర్ అంటే ముందుగా వినిపించిన పేరు అదే.

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఏర్పడింది. దాన్ని నిలబెట్టినవాడు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, అణు శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర పనిచేశాడు. అణు రియాక్టర్లకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను ఇక్కడే చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. 1970ల మధ్యకల్లా టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 దాని వెంట నడిచాయి.

సర్కారు అండ దండిగా ఉండేది. విదేశీ కంప్యూటర్ తెప్పించుకోవాలంటే ఢిల్లీలో అనుమతుల కోసం తిరగాల్సిందే. పైగా 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) కింద ఇక్కడి వ్యాపారంలో వాటా తగ్గించుకోమంటే అమెరికా కంపెనీ ఐబీఎం ససేమిరా అంది, 1978లో దేశం విడిచి వెళ్లింది.

పెద్ద పోటీదారు తప్పుకుంది కనుక మైదానమంతా ఈసీఐఎల్‌దే కావాలి. జరిగింది వేరు.

టీడీసీ కంప్యూటర్లలో ప్రాసెసర్ అంటే బోర్డుల నిండా అమర్చిన విడిభాగాలు. దాన్ని సొంతంగా డిజైన్ చేయడమే ఈసీఐఎల్ ఇంజినీర్ల బలం. అమెరికాలో ఇంటెల్ 1971లోనే ప్రాసెసర్‌ను ఒక్క చిప్‌లోకి కుదించింది, 1974లో 8080 తెచ్చింది. ఇక అలాంటి చిప్ కొనుక్కుంటే చాలు, ఏళ్ల తరబడి డిజైన్ మీద కూర్చోనక్కర్లేదు. 1976లో పుట్టిన హెచ్‌సీఎల్, దాంతోపాటు డీసీఎం వంటి ప్రైవేటు సంస్థలు ఈ దారే పట్టాయి. 1970ల చివర మినీ కంప్యూటర్ల తయారీకి ప్రభుత్వం వాటికి తలుపులు తెరిచింది. ధరలోనూ వేగంలోనూ ఈసీఐఎల్ వాటితో తూగలేకపోయింది. 1984 నవంబరు కంప్యూటర్ విధానం దిగుమతులను ఇంకా సులువు చేసింది.

ఇంజినీర్లకు నైపుణ్యం కొరవడి కాదు ఈ ఓటమి. రక్షణ దొరికిన కొద్ది ఏళ్లలోనే కంప్యూటర్ తయారీ తీరు మారిపోయింది. అణుశక్తి శాఖ అవసరాల చుట్టూ అల్లుకున్న సంస్థ, బ్యాంకులకూ కంపెనీలకూ చవకగా, త్వరగా సరుకు అందించే అలవాటు చేసుకోలేదు.

సంస్థ మూతపడలేదు. 1977లో ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రం తయారీ పని అప్పగిస్తే, 1980లో పార్టీల ముందు నమూనా పెట్టింది. ఈనాడు ఓటరు మీట నొక్కే యంత్రాన్ని చేసేది దేశంలో రెండే సంస్థలు: బెంగళూరు బీఈఎల్, హైదరాబాద్ ఈసీఐఎల్. అణు కేంద్రాల కంట్రోల్ వ్యవస్థలూ, భారీ యాంటెన్నాలూ ఇప్పటికీ అక్కడ తయారవుతున్నాయి. కంప్యూటర్ల మార్కెట్ మాత్రం మళ్లీ దాని చేతికి రాలేదు.