చదువు హక్కు - వకీలు ఫీజు

అంగవైకల్యమో, బుద్ధి వికాసంలో వెనుకబాటో ఉన్న పిల్లల చదువును గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు దయకు సంబంధించినవి. ఒక ఉపాధ్యాయిని ఓర్పు, ఒక దాత ఔదార్యం, ఒక కుర్రవాడి పట్టుదల - వీటిని గురించి రాస్తారు. చదివినవారి కళ్లు చెమరుస్తాయి. కాని ఆ పిల్లల తల్లిదండ్రులు దయ వద్దని హక్కును అడిగినప్పుడు ఏం జరిగింది, ఆ అడగడానికి అయిన ఖర్చు ఎవరు భరించారు అనే చరిత్రను ఎవరూ రాయరు. ఈ చరిత్ర అన్నిటికంటే విపులంగా నడిచింది అమెరికాలో. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ కోర్టు గొడవలెందుకని మిత్రులు అడగవచ్చు. ఆ గొడవలన్నీ కొంతవరకు ఒక విశేషణం చుట్టూ, అంతకంటే ఎక్కువగా ఒక ఫీజు చుట్టూ తిరిగాయి. విశేషణాల సంగతి నా వృత్తికి సంబంధించినదే. ఫీజు సంగతి అందరిదీను.

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆంటిగో అనే ఊరున్నది. అక్కడ పుట్టుకతో పక్షవాతం ఉన్న ఒక పిల్లవాడు ఐదో తరగతి దాకా మామూలు బడిలోనే చదువుకున్నాడు. చదువులో తోటివారికి తీసిపోలేదు. మాట నెమ్మదిగా, తడబడుతూ వచ్చేది; నోటి వెంట చొంగ కారేది. అతణ్ణి చూస్తే ఉపాధ్యాయులకూ పిల్లలకూ మనసు కుంగుతున్నదని, కడుపులో తిప్పుతున్నదని చెప్పి బడి పెద్దలు వెళ్లగొట్టారు. జూరీ పిల్లవాడి పక్షాన నిలిచింది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1919లో జూరీ నిర్ణయాన్ని కొట్టివేసి బడి పెద్దలదే ఒప్పన్నది. బడికి పంపకపోతే తల్లిదండ్రులను శిక్షించే నిర్బంధ విద్యా చట్టాలు అప్పటికే దేశమంతటా ఉన్నాయి. ఆ నిర్బంధం బడికి మాత్రం లేదు.

1954లో వచ్చిన బ్రౌన్ తీర్పు నల్లజాతి పిల్లలను వేరుచేసే బడులు చెల్లవన్నది. ఆ కేసులో వేర్పాటు పక్షాన దక్షిణ కరోలినా తరఫున వాదించినవాడు జాన్ డబ్ల్యు. డేవిస్. 1924లో డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి, ఆనాటి మహా న్యాయవాదుల్లో ఒకడు. అతడు కోర్టును హెచ్చరించాడు: ఈ వాదాన్ని ఒప్పుకుంటే, రేపు వయస్సును బట్టిగాని, మానసిక శక్తిని బట్టిగాని పిల్లలను వేరుచేసే అధికారం కూడా రాష్ట్రాలకు మిగలదని. తమ హక్కు ఎంత దూరం పోతుందో పీడితుల కంటే ముందు పీడకుల వకీలు గ్రహించాడన్నమాట. డేవిస్ భయం నిజం కావడానికి మరో 17 ఏళ్లు పట్టింది.

నిజం చేసింది తల్లిదండ్రుల సంఘం. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, ఒకటో తరగతి నాటికి ఐదేళ్ల మానసిక వయస్సు రాని పిల్లవాణ్ణి బడి చేర్చుకోనక్కరలేదు. చదువు రాదని మనస్తత్వ నిపుణుడు ధ్రువపత్రం ఇస్తే బడికిక బాధ్యత లేదు. ఇక మిగిలింది ఇంటి మూల, లేదా పెన్‌హర్స్ట్ వంటి ప్రభుత్వ ఆశ్రమం. పేరుకు అది బడి, పనికి చెరసాల. ఈ స్థితి మీద పోరాడటానికి 1949లో ఏర్పడిన సంఘం పేరులో ‘మందబుద్ధి బాలలు’ అనే మాట ఉండేది. తరువాత ఆ ఉద్యమమే దాన్ని వదులుకున్నది. (మన దేశంలో మాత్రం పేర్లు మార్చడంలో ప్రభుత్వాలు చూపే చురుకు బడి గుమ్మం ముందు వాలుదారి కట్టడంలో చూపవు.) ఆ సంఘం థామస్ గిల్‌హూల్ అనే యువ న్యాయవాదిని పెట్టుకున్నది. ఫిలడెల్ఫియాలో పేదలకు ఉచిత న్యాయ సహాయం చేసే సంస్థలో తర్ఫీదైనవాడు; అతని సొంత తమ్ముడే పెన్‌హర్స్ట్‌లో ఉన్నాడు. 1971 జనవరిలో దావా వేశారు. ఆగస్టులో ఒక్క రోజు నిపుణుల సాక్ష్యం నడిచింది. ఏ పిల్లవాడైనా ఏదో ఒకటి నేర్చుకోగలడని వారు చెప్పిన సాక్ష్యం విన్న తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఇక పోట్లాడలేదు, రాజీకి వచ్చింది. 1972 మేలో కోర్టు ఆ రాజీని ఖాయం చేసింది. దావాలో పేరున్న కొద్దిమంది పిల్లలకే కాదు, రాష్ట్రంలోని అటువంటి పిల్లలందరికీ బడి తలుపు తెరుచుకున్నది.

అదే 1972 ఆగస్టులో రాజధాని వాషింగ్టన్‌లో మరొక తీర్పు వచ్చింది. వాదులు ఏడుగురు పిల్లలు, అందరూ నల్లజాతివారు. వారి పక్షాన నిలిచినవారు న్యాయ సహాయ ఉద్యమానికి చెందిన వకీళ్లు. తీర్పు చెప్పిన జోసెఫ్ వాడీ నల్లజాతి న్యాయమూర్తి. ఆ నగరంలో ఇటువంటి పిల్లలు సుమారు 22,000 మంది ఉంటే, వారిలో 18,000 మంది దాకా తగిన చదువు లేకుండా ఉన్నారని విద్యా శాఖ లెక్కలే చెప్పాయి. డబ్బు లేదు అన్నది శాఖ జవాబు. డబ్బు చాలకపోతే ఆ లోటును పిల్లలందరికీ న్యాయంగా పంచాలి గాని, ఆ భారమంతా ఈ పిల్లల మీదనే మోపగూడదు అన్నాడు వాడీ. బడ్జెట్టు లేదనే జవాబు వినీ వినీ అలవాటైన మన ఉపాధ్యాయులు ఈ తర్కాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ రెండు విజయాల వెనుక ఉన్నది ఒక సంఘటిత శక్తి. దానికి తోడు పేదల పక్షాన జీతానికి పనిచేసే వకీలు. తరువాతి చరిత్రలో ఈ రెండూ మెల్లమెల్లగా జారిపోయాయి.

1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్, ఇది తీర్చలేని వాగ్దానమని గొణుగుతూనే, వికలాంగ బాలలందరి విద్యా చట్టం మీద సంతకం చేశాడు. దేశంలో అటువంటి పిల్లలు 80 లక్షల పైచిలుకు ఉన్నారని, వారిలో సగం మందికి పైగా తగిన చదువు అందడం లేదని, 10 లక్షల మంది బడికి పూర్తిగా దూరమయ్యారని ఆ చట్టమే ఒప్పుకున్నది. అదనపు ఖర్చు కోసం దేశపు సగటు తలసరి విద్యా వ్యయంలో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందన్నారు. ఆ 40 ఇంతవరకు ఒక్క ఏడు కూడా పూర్తిగా ఇవ్వలేదు. చట్టం తల్లిదండ్రులకొక ఆయుధం మాత్రం ఇచ్చింది: ప్రతి పిల్లవాడికీ విడిగా చదువు పథకం రాయాలి, అందులో తల్లిదండ్రులు కూర్చోవాలి, నచ్చకపోతే నిష్పాక్షికమైన అధికారి ముందు విచారణ కోరవచ్చు, ఆ పైన కోర్టుకెక్కవచ్చు. అంటే హక్కును అమలుపరిచే పని తనిఖీదారుది కాక తల్లిదండ్రులదైంది. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క దావా.

ఇక విశేషణం. చట్టం వాగ్దానం చేసింది ‘తగిన’ చదువు. మన అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. ఏది ఉచితమో మాత్రం రసజ్ఞుడికి వదిలేశాడు. ఇక్కడ రసజ్ఞుడు సుప్రీం కోర్టు. 1982లో న్యూయార్క్ రాష్ట్రపు ఏమీ రౌలీ కేసు వచ్చింది. ఒకటో తరగతి బధిర బాలిక, బధిరులైన తల్లిదండ్రులు. తరగతిలో సైగల భాషలో అనువదించేవారు కావాలన్నారు. వారి న్యాయవాది మైకేల్ చాటాఫ్ కూడా బధిరుడే. న్యాయమూర్తుల ప్రశ్నలను యంత్రం తెర మీద అక్షరాలుగా చదువుకుంటూ వాదించాడు. ఆ కోర్టులో వాదించిన తొలి బధిర న్యాయవాది అతడే. తీర్పు 6-3తో అతనికి వ్యతిరేకంగా వచ్చింది. పిల్ల తరగతి తరువాత తరగతి పాసవుతున్నది, ‘కొంత’ ప్రయోజనం కలుగుతున్నది, అది చాలునన్నారు. న్యాయవాదికి తెర కావాలని ఒప్పుకున్న కోర్టు, బాలికకు అనువాదకుడు కావాలంటే ఒప్పుకోలేదు. ఈ ‘కొంత’ ఏమంత కొంత కాదని, పిల్లవాడి స్థితికి తగిన పురోగతి ఉండాలని చెప్పడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది. కొలరాడోకు చెందిన ఒక బాలుడి కేసు అది. అప్పటికి ఏమీ రౌలీకి నలభై ఏళ్లు దాటాయి.

ఫీజు సంగతి ఇంతకంటే మోటుగా ఉన్నది. అమెరికాలో మామూలు నియమం ఎవరి వకీలు ఖర్చు వారిదే. 1984 జూలై 5న, రోడ్ ఐలండ్‌కు చెందిన ఒక కుటుంబం కేసులో, ఈ చట్టం కింద గెలిచిన తల్లిదండ్రులకు కూడా వకీలు ఫీజు రాదని సుప్రీం కోర్టు చెప్పింది. ఉద్యమం కదిలింది. 1986లో కాంగ్రెసు ఆ తీర్పును రద్దుచేస్తూ చట్టం చేసి, దాన్ని 1984 జూలై 4 నుంచే వర్తింపజేసింది. తీర్పుకు ఒక్క రోజు ముందు! కాంగ్రెసు ఒక కోర్టును ఇంత బాహాటంగా మందలించిన సందర్భం నాకు ముచ్చటగా కనిపిస్తుంది.

ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. 1996లో ప్రభుత్వ నిధులతో నడిచే న్యాయ సహాయ సంస్థలు సామూహిక దావాలు వేయరాదని నిషేధించారు. పెన్సిల్వేనియాను, వాషింగ్టన్‌ను గెలిపించిన ఆయుధమే అది. ఆ వకీళ్లు ప్రతివాది నుంచి ఫీజు రాబట్టకుండా కూడా కట్టడి చేశారు. ఈ రెండవ కట్టడి 2009 చివరలో తొలగింది, మొదటిది తొలగలేదు. 2001లో మరొక రంగపు కేసులో, తీర్పు రాకముందే ఎదుటిపక్షం దిగివస్తే వాది గెలిచినట్టు కాదు, ఫీజు రాదన్నారు. విద్యా కేసులకూ అది వర్తించింది. బడి యాజమాన్యం చివరిదాకా సతాయించి, చివరి రోజున లొంగిపోతే చాలు. 2005లో, అడిగినవారే రుజువు చేసుకోవాలన్నారు. 2006లో, గెలిచిన తల్లిదండ్రులకు నిపుణుల ఖర్చు రాదన్నారు. ఆ కేసులో తల్లిదండ్రులు అడిగింది 29,350 డాలర్లు. రుజువు భారం మీది, రుజువు చెప్పే నిపుణుడి ఖర్చూ మీది. బడి పక్షాన మాట్లాడే నిపుణులు బడిలోనే జీతానికున్నారు. బడి వకీలు ఫీజు పన్నుల నుంచి వస్తుంది. ఆ పన్ను కట్టేవారిలో ఈ తల్లిదండ్రులూ ఉన్నారు.

డబ్బున్నవారికి వేరే దారి ఉన్నది. ప్రభుత్వ బడి విఫలమైతే పిల్లవాణ్ణి ప్రైవేటు బడిలో వేసి ఆ ఖర్చు తరువాత వసూలు చేసుకోవచ్చునని 1985లో, 1993లో సుప్రీం కోర్టు చెప్పింది. న్యాయమైన తీర్పులే. కాని ముందు కట్టగలిగినవాడే తరువాత అడగగలడు. లేనివారి కోసం కొందరు తల్లులు, అనుభవంతో చట్టం నేర్చుకున్నవారు, వకీళ్లు కాకపోయినా విచారణల్లో పక్కన కూర్చుని వాదించేవారు. డెలవేర్ అత్యున్నత న్యాయస్థానం 2000లో ఇది అనధికార న్యాయవాద వృత్తి అని ఆపేసింది. తమ కేసు తామే కోర్టులో వాదించుకునే హక్కు తల్లిదండ్రులకున్నదని సుప్రీం కోర్టు 2007లో ఒప్పుకున్నది. ఒహాయోకు చెందిన ఆ దంపతులకది విజయమే. అయితే వకీలు దొరకనివాడికి వకీలు లేకుండా వాదించుకోమనే స్వేచ్ఛ అది.

కోర్టులను నమ్ముకోవడమే భ్రమ అనే మిత్రులతో నేను ఏకీభవించను. పెన్సిల్వేనియా పిల్లలు ఆ భ్రమలోంచే బడిలోకి నడిచారు. ఇంటింటి దావా మీద మొత్తం వ్యవస్థను నిలబెట్టడం ఎంత బోలు పనో చూడాలంటే టెక్సాస్ చాలు. ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతానికి మించగూడదన్నట్టు 2004లో ఆ రాష్ట్ర విద్యా సంస్థ ఒక కొలత పెట్టింది. అంతకు ముందు సుమారు 12 శాతం ఉన్నది క్రమంగా ఆ అంకెకు దిగింది. దేశపు సగటు 13 దగ్గర ఉండేది. విచారణలు జరుగుతూనే ఉన్నాయి, వకీళ్లు వాదిస్తూనే ఉన్నారు, ఆ అంకె మాత్రం పన్నెండేళ్లు దాగి ఉన్నది. 2016లో బయటపెట్టింది హ్యూస్టన్ క్రానికల్ పత్రిక. 2017లో రాష్ట్రం ఆ పరిమితిని నిషేధించింది. 2018లో చట్టం ఉల్లంఘన జరిగిందని కేంద్ర విద్యా శాఖ తేల్చింది.

డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపట్ల ఉన్న వేలాది తెలుగు కుటుంబాల్లో ఈ పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. అక్కడ స్థిరపడిన మా కళాశాల పూర్వ విద్యార్థిని ఒకామె, కొడుకు చదువు పథకం మీద సగం అర్థమై సగం కాక సంతకం పెట్టానని నాతో అన్నది. ఆ సమావేశంలో తెలుగు అనువాదకుణ్ణి కోరే హక్కు తనకున్నదని ఆమెకెవరూ చెప్పలేదు. ప్రభుత్వ బడి చదువుకు వలస హోదా అడ్డు కాదని 1982లో సుప్రీం కోర్టు చెప్పింది కూడా టెక్సాస్ కేసులోనే. అయినా వీసా మీద బతికేవాళ్లు బడితో తగవు పెట్టుకోవడానికి జంకుతారు. కులాల వారీగా, పార్టీల వారీగా సభలు పెట్టుకునే మన ప్రవాసాంధ్ర సంఘాలు ఒక్కొక్క పూట ఇందుకు కేటాయిస్తే మంచిది.

మన దగ్గర కాగితం మీద పరిస్థితి అమెరికా కంటే మెరుగు. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇస్తుంది. 2016 నాటి చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య ఇస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కచేరీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. భూమి తగాదాకు, మనోవర్తికి అక్కడికి వెళ్లేవారున్నారు. బడి చేర్చుకోలేదని వెళ్లినవారిని నేను చూడలేదు. ప్రత్యేక ఉపాధ్యాయుల కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్లినవారు ఆ ఉపాధ్యాయులే. ప్రాథమిక పాఠశాలలో పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో కోర్టు చెప్పింది. పోస్టులు ప్రకటించండని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పవలసి వచ్చింది. మన భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేసినవారు ఈ ఉపాధ్యాయులే. వీళ్లూ, వీళ్ల దగ్గరికి పిల్లలను ఎత్తుకొచ్చే తల్లులూ ఒకే కాగితం మీద సంతకాలు చేసిన దరఖాస్తు మా జిల్లాలో ఇంకా ఒక్కటీ పడలేదు.