కాలువ గట్టు మీద సూపర్‌వైజర్లు

ఈ ఎపిసోడ్‌లో ఒంగోలు క్లౌ దొర గురించి మాట్లాడుకున్నాం కదా. రికార్డింగులో టైం చాలక బకింగ్‌హామ్ కాలువ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాను. నా మటుకు అసలు కథ అదే. ఖతర్‌లో పద్నాలుగేళ్లుగా సైట్ల మీద టైంషీట్లు రాస్తున్నవాణ్ణి కాబట్టి నాకలా అనిపిస్తుందేమో.

జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందు వాళ్ల దేశంలో భూమి సర్వే పని చేసినవాడు. చైను లాగడం, లెక్క కట్టడం తెలిసిన మనిషన్నమాట. ఆ పనితనం పదేళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

1876-78లో వచ్చింది ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని కూలి కోసేశాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. పౌనంటే అర కిలో కూడా లేదు. అది తిని పొద్దంతా మట్టి మొయ్యాలి!

అప్పుడు తీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు. క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. గంజి పంచిపెట్టి పేరు తెచ్చుకోవచ్చు, కానీ పని చూపించి కూలి ఇద్దామనుకున్నాడు. గట్టు మీద సూపర్‌వైజర్లుగా తన తెలుగు బోధకుల్నే పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. నిన్నటిదాకా ఊరి పెద్దల దగ్గర వెట్టి చేసినవాళ్లు ఇవాళ కొలత టేపు పట్టుకుని నిలబడ్డారు. మిగతా చోట్ల కూలీల్ని తిట్టడం, కొట్టడం, కూలిలో కోత పెట్టడం మామూలు. ఇక్కడ కొట్టేవాళ్లు లేరు, డబ్బులు సరిగ్గా ముట్టేవి. ఆ మాట పాకి ఎక్కడెక్కడి జనమో వచ్చారు. పని ఆపినప్పుడు బోధకులు కూలీల పక్కనే కూర్చుని మాట్లాడేవాళ్లు. ఎక్కువగా చెప్పింది మత్తయి 11:28. భారం మోసేవాడికి ఆ వాక్యం విడమర్చి చెప్పాలా?

జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, కూటి కోసం వచ్చారేమోనని పదిహేను నెలలు ఆపేశాడు. సాయం ముగిసిన తర్వాతే, 1878 జూలైలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఇచ్చారు. జూలై 3 ఒక్కరోజే 2,222 మంది, మూడు రోజుల్లో 3,536 మంది. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, మన తెలుగు బోధకులే. మన సభల్లో 2,222 అనే అంకె చెప్పని ప్రసంగీకుడు లేడు. ఆపిన పదిహేను నెలల గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ‘బియ్యం క్రైస్తవులు’ అని ఈసడించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఆ పదిహేను నెలలే.

ఇంకోటి. కరువుకు ముందే యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు, విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ఆదివారం పని చెయ్యకూడదని నేర్పారు. ఆసాములకు ఒళ్లు మండింది. చాలా ఊళ్లలో మాదిగలకు నానా కష్టాలు పెట్టారు. వారానికి ఒక్క రోజు సెలవు కోసం పడిన పాట్లవి. ఇక్కడ 2004 నాటి లేబర్ చట్టం 14లో వారానికి 24 గంటల సెలవు జీతంతో రాసి ఉంది. ఆ సెలవు శుక్రవారం గనక మన ఆరాధనా శుక్రవారమే. 2008లో కాథలిక్ చర్చి తెరిచిన మెసైమీర్ కాంపౌండ్ స్థలం కూడా అమీరు ఇచ్చిందే.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీలో పది గంటల పనికి ఎనిమిదే రాయమన్నారు. రాశాను. కింద సంతకం నాది. జగిత్యాల పిల్లగాడొకడు "అన్నా, నా రెండు గంటలేమైనయ్?" అన్నాడు. ఆ శుక్రవారం ప్రార్థన నడిపించాల్సింది నేనే. నోరు పెగల్లేదు.

తర్వాతి నెల ఉన్నదున్నట్టు రాశా. మేనేజర్ అరిచాడు, నన్ను వేరే సైటుకు మార్చాడు. 2021 నుంచి కనీస జీతం వెయ్యి రియాళ్లు అయింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని బంద్. కానీ పది దాటాక కూడా పనిలో ఉన్నారా లేదా అని రాసేది మాలాంటి వాళ్లమే. గంటలు తగ్గించి రాస్తే లేబర్ మినిస్ట్రీలో కంప్లైంట్ పెట్టొచ్చు. మనోళ్లు భయపడతారు, నేనూ అప్పుడు భయపడ్డాను.

ఆ పిల్లగాడి మొదటి నెల ఓవర్‌టైం డబ్బులు మాత్రం రాలేదు. అవి అడుగుతూనే ఇంటికెళ్లిపోయాడు.