మదనపల్లె గాలి

మా చిన్నతనంలో పెద్దవాళ్ళ మాటల్లో కొన్ని ఊళ్ళ పేర్లకు రెండేసి అర్థాలుండేవి. కాశీకి పోయాడంటే ఒక అర్థం, ఏలూరు పోయాడంటే ఇంకొకటి. మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళల్లో అన్నిటికంటే గొంతు తగ్గించి చెప్పే మాట మాత్రం ఒకటే. "ఫలానా వాళ్ళ కోడలు మదనపల్లెకు పోయిందంట." అంతే. విన్నవాళ్ళు ఎందుకని అడిగేవాళ్ళు కాదు. "అయ్యో, పిల్లోళ్ళెంతమంది?" అనేవాళ్ళు.

మదనపల్లె అంటే క్షయ. ఆ పేరు పైకి అంటే ఎక్కడ అంటుకుంటుందోనని భయం. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇల్లయితే మరీను. నవలల్లో, సినిమాల్లో నాయకుడు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గితే మనకు కన్నీళ్ళు వచ్చేవి గాని, పక్కింటామె దగ్గితే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళం.

మా మేనత్త ఒకావిడ అలా మదనపల్లె వెళ్ళి వచ్చిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికే ఆమె తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. ఎండాకాలమైనా పైట భుజం చుట్టూ నిండా కప్పుకునే ఉండేది. ఎడమ భుజం కొంచెం కిందికి జారి, ఆ వైపు రొమ్ము పైభాగం లోపలికి పోయి ఉండేది. ఓసారి జడ వేయించుకుంటూ వెనక్కి వాలితే నా తల ఆ పల్లంలో పడింది. "ఏంది అత్తా, ఇక్కడ గుంట పడింది?" అన్నాను. ఆమె నవ్వి, "ఆడ ఎముకలు లేవులే అమ్మణ్ణీ, డాక్టరు తీసి పెట్టుకున్నాడు" అంది. నేను హాస్యమనుకున్నాను. నిజమేనని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంతకీ ఆ ఎముకలు ఎందుకు తీసినట్టు? ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆరోగ్యవరం సంగతి చెప్పాలి.

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె వైపు తాలూకాలు కలిపి కొత్త జిల్లా చేశారు. ఆ మరుసటి ఏడాదే, 1912లో, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర క్షయ రోగులకు ఆసుపత్రి మొదలుపెట్టాయి. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అని పేరు. పలకడానికి నోరు తిరగదు కాబట్టి జనానికి అది మదనపల్లె శానిటోరియం. ఆ చోటుకు పేరు ఆరోగ్యవరం. ఇంత నిండైన పేరు పెట్టినవారెవరో గాని, ఎన్ని వేలమంది ఆ రెండు మాటల్ని పట్టుకుని రైలెక్కారో.

దానికి మూలపురుషుడు డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. తర్వాత ఆయన కుమారుడు జోహన్నెస్ కూడా అక్కడే పనిచేశాడు. మనవాళ్ళలో డాక్టర్ పి.వి. బెంజమిన్ అక్కడ పనిచేసి, స్వతంత్రం వచ్చాక భారత ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారుగా వెళ్ళాడు. ఊరు సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైగా ఎత్తు. పొడిగాలి, చుట్టూ కొండలు, రాత్రిళ్ళు చల్లదనం. మందనేది లేని రోజుల్లో గాలే మందు, పాలూ గుడ్లే మందు, మంచం మీద కదలకుండా పడుకోవడమే మందు. నెలల తరబడి వరండాల్లో పడుకుని, పొద్దున్నా సాయంత్రం జ్వరం చూపించుకుంటూ, తూకం ఎక్కి దిగుతూ గడపాలి. ఆడవాళ్ళకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా? ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారో, చంకలో బిడ్డ ఎవరి చంకన ఉందో తెలియకుండా, "ఏమీ ఆలోచించకుండా పడుకో" అంటే ఏ తల్లికి సాధ్యం?

పడుకోబెట్టడం వెనక ఒక తర్కం లేకపోలేదు. చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలనివ్వం. పిల్లవాడి మోకాలి పుండు వాడు గెంతుతున్నంతకాలం మానదు. ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన గుల్ల కూడా అంతే. నిమిషానికి పదహారు, పద్దెనిమిది సార్లు ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉండే దానికి పుండు మానే తీరిక ఎక్కడిది? కాబట్టి ఊపిరితిత్తికి కూడా కట్టు కట్టాలి. ఎలా? గాలితోనే. ప్రక్కటెముకల మధ్య నుంచి సూది దింపి, ఊపిరితిత్తికీ ఎదురొమ్ము గోడకీ నడుమ గాలి ఎక్కిస్తే, ఊపిరితిత్తి ముడుచుకుని ఊరుకుంటుంది. ఇటలీలో ఫోర్లానినీ అనే వైద్యుడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కనిపెట్టిన ఉపాయం ఇది. ఆర్టిఫిషియల్ న్యూమోథొరాక్స్ అనే ఆ పేరును డాక్టర్లూ రోగులూ కూడా కుదించి "ఏ.పి." అనేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ అనుకునేరు! అది పుట్టకముందు మాట సుమా.

ఎక్కించిన గాలి ఒంట్లో ఇంకిపోతుంది. అంచేత వారానికో, రెండు వారాలకో మళ్ళీ పోయి ఎక్కించుకోవాలి. అలా రెండు మూడేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి. మా మేనత్త దీన్ని "గాలి పట్టించుకోను పొయ్యేది" అనేది, మనం సైకిలుకు గాలి పట్టించుకుంటామే అలాగ. కొందరికి ఇది బాగా పనిచేసింది. కొందరికి లోపల నీరు పట్టేది, చీము పట్టేది. ఇంకొందరిలో ఊపిరితిత్తి గోడకు అతుక్కుపోయి ఉండేది. అప్పుడు గాలి ఎక్కదు, గుల్ల మూసుకోదు.

అలాంటివారికి మిగిలింది కత్తి. గోడకు అంటుకున్న ఊపిరితిత్తి ముడుచుకోకపోతే గోడనే లోపలికి పడగొట్టడం! ప్రక్కటెముకలు తీసేస్తే ఆ వైపు రొమ్ము కుంగి, గుల్లను అదిమి మూసేస్తుంది. థొరకోప్లాస్టీ అంటారు. ఏడెనిమిది ఎముకలు ఒక్కసారే తీస్తే మనిషి తట్టుకోలేదు. అందుకని రెండు మూడు వారాల ఎడంలో రెండు మూడు ఎముకల చొప్పున తీసేవాళ్ళు. ఎముక మీది పొరను ఉంచి ఎముకను మాత్రం తీస్తారు కాబట్టి, కొన్నాళ్ళకు ఆ పొరలోంచి కొత్త ఎముక పుట్టి ఆ పల్లాన్ని అలాగే గట్టిపరుస్తుంది. ఎడం మరీ ఎక్కువైతే మొదట తీసినచోట ముందే గట్టిపడిపోతుంది. అంచేత రెండోసారికి భయమేసి ఇంటికి పోతానంటే కుదరదు. ఆ రోజుల్లో చాలా చోట్ల పూర్తిగా మత్తు ఇవ్వకుండా, కోసేచోట మొద్దుబార్చి మాత్రమే చేసేవాళ్ళు. మనిషికి తెలివి ఉంటుంది, చెవులు వినిపిస్తుంటాయి. మా మేనత్త ఆ ఆపరేషను గురించి చెప్పింది ఒక్కటే ముక్క: "నొప్పి కాదు మే, ఆ చప్పుడు."

ఇంత ఘోరం ఎందుకు ఒప్పుకున్నారని మనకనిపిస్తుంది. ఒప్పుకోకపోతే ఏమయ్యేదో కూడా చూడాలి గదా. 1960లలో బెంగుళూరు దగ్గరి పల్లెల్లో అయిదేళ్ళ పాటు జనాన్ని గమనించారు. గళ్ళలో క్షయ క్రిములున్నవారిలో అయిదేళ్ళలో సుమారు సగం మంది చనిపోయారు. మూడోవంతు మంది బాగుపడ్డారు. మిగిలినవారు దగ్గుతూనే ఉన్నారు. సగానికి సగం! ఆ లెక్క ముందు ఏడు ఎముకలు ఏపాటి?

ఇదంతా పెద్దవాళ్ళ మాట. పిల్లల సంగతి వేరు. చిన్నపిల్లలకు క్షయ సోకితే చాలామందిలో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ పడి దానంతట అదే మానిపోతుంది. పెద్దవాళ్ళకు పడినట్టు గుల్ల పడటం తక్కువ. కాబట్టి ఎముకలు తీసే అవసరమూ తక్కువే. ఒకవేళ అవసరమనిపించినా వైద్యులు వెనకాడేవాళ్ళు. ఎదిగే ఒంట్లో ఒకవైపు ఎముకలు తీసేస్తే వెన్ను ఆ వంకరలోనే పెరుగుతుంది. అయితే పసివాళ్ళలో ఈ రోగం ఇంకో దారి పట్టేది. మెదడు పొరలకు పాకేది. స్ట్రెప్టోమైసిన్ రాకముందు అలా పాకిన బిడ్డ బతికి బట్టకట్టడం దాదాపు లేదు. దానికి ఏ కత్తీ లేదు, ఏ గాలీ లేదు. మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైంది ఈ మదనపల్లెలోనే, 1948 ఆగస్టులో. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తర్వాత చెంగల్పట్టు జిల్లాలో జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది గాని, పసిపిల్లల్లో మెదడుకు పాకే రకాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. పుట్టిన బిడ్డ ఎడమ భుజం మీద ఇప్పటికీ వేసే ఆ చిన్న మచ్చ కథ ఇది.

పిల్లలకు ఇంకో కష్టం వెన్నెముక క్షయ. పూసలు కరిగి ముందుకు కూలిపోతే గూని వస్తుంది. కొందరికి కాళ్ళు పడిపోతాయి. పాత రోజుల్లో పిల్లల్ని పిండికట్టు తొట్టిలో నెలలు, ఏళ్ళు పడుకోబెట్టేవాళ్ళు. 1950లలో హాంకాంగు వైద్యులు ముందువైపు నుంచి కోసి, కుళ్ళిన ఎముకంతా తీసేసి, వేరే ఎముక అతికించడం మొదలుపెట్టారు. అద్భుతమైన ఆపరేషను. కాని అందరికీ అది అవసరమా? మద్రాసులో 1970లలో ఈ ప్రశ్నకే జవాబు వెతికారు. కొందరికి ఆపరేషనూ మందులూ, కొందరికి మందులు మాత్రమే ఇచ్చి పదేళ్ళు గమనించారు. 1999లో ఫలితాలు వెలువడ్డాయి. ఏ పద్ధతిలో చూసినా నూటికి తొంభైమంది, అంతకు పైగా, బాగున్నారు. మందులు మింగుతూ నడుస్తూ తిరిగినవాళ్ళు కత్తి పడ్డవాళ్ళకు ఏమీ తీసిపోలేదు. ఒక్క మినహాయింపు. పదిహేనేళ్ళ లోపు పిల్లలై, మొదటికే వంపు 30 డిగ్రీలు దాటి ఉంటే, మందులతో క్రిమి చచ్చినా గూని మాత్రం పెరుగుతూ పోయింది. పెద్దవాళ్ళ ఎదుగుదల ఆగిపోయింది కాబట్టి వంపు అక్కడే నిలుస్తుంది. పిల్లలు పెరుగుతారు, వంపూ పెరుగుతుంది. ఒకే రోగం, ఒకే మందు, వయసును బట్టి రెండు తీర్పులు.

ఆరోగ్యవరం వరండాలకు తిరిగొద్దాం. ఇక్కడికి ఇంచుమించు పొరుగూరే అయిన వేలూరుకు 1940ల చివర్లో అమెరికా నుంచి డాక్టర్ రీవ్ బెట్స్ వచ్చి, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఛాతీ శస్త్రచికిత్స విభాగం పెట్టాడు. గోడ కూలగొట్టడం కాదు, చెడిన ఊపిరితిత్తి ముక్కనే కోసి తీసేసే రోజులు వచ్చాయి. ఈలోగా స్ట్రెప్టోమైసిన్, పి.ఏ.ఎస్., 1952లో ఐసోనియాజిడ్ మందులుగా వచ్చేశాయి. పి.ఏ.ఎస్. దోసిళ్ళకొద్దీ మింగాలి, కడుపులో తిప్పుతుంది. ఐసోనియాజిడ్ మాత్రం చిన్న బిళ్ళ, చవక.

అయినా, బిళ్ళలు ఇంట్లో మింగితే చాలా, శానిటోరియంలో పడుకోవాలా? 1956లో మద్రాసులో 193 మంది రోగుల్ని తీసుకుని, చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. రెండో జట్టు మద్రాసు ఇరుకిళ్ళల్లో, చాలీచాలని తిండితో. ఇద్దరికీ అవే మందులు, ఏడాదిపాటు. శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇళ్ళల్లో 86 మందికి రోగం అణగింది. వైద్యులు కళ్ళు నులుముకుని చూసుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుందనే భయం కూడా నిజం కాలేదు. మందు మొదలైన రోగి పక్కన ఉన్న కుటుంబాల్లో కొత్తగా జబ్బు పడినవారు ఎక్కువేమీ లేరు. 1959లో ఇది అచ్చయ్యాక ప్రపంచమంతా శానిటోరియాలు ఒక్కొక్కటే మూతపడసాగాయి. గాలి మంచిదే, పాలూ మంచివే. కాని రోగం కుదిర్చింది బిళ్ళ.

ఆరోగ్యవరం మూతపడలేదు. అన్ని రోగాలూ చూసే ఆసుపత్రిగా మారి నిలిచింది. మందులకు లొంగని క్షయకు, ఆగకుండా రక్తం పడేవాళ్ళకు, చీము పట్టినవాళ్ళకు కత్తి ఇప్పటికీ అవసరమే. ఎముకలు తీయించుకుని తిరిగే మనుషులు మాత్రం మనకిక కనబడరు.

మా మేనత్తకు ఆపరేషను జరిగింది 1950కి కొంచెం ముందు. ఇంకొక్క మూడు నాలుగేళ్ళు ఆగి ఉంటే బిళ్ళలతో పోయేదని ఓసారి తెలివిమీరి అన్నాను. ఆమె అప్పుడు పప్పులో రాళ్ళేరుతోంది. "మూడేండ్లు ఆగుంటే నేనుండను, బిళ్ళలుంటాయి" అంది, తలెత్తకుండా.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికింది. అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు రెండుసార్లు పోయింది. ప్రతి మండపంలో కూర్చుని, మాలాంటి వాళ్ళందరినీ ముందు పొమ్మని, తానొక్కతే మెల్లగా. మేము దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమె అప్పుడే పైకి చేరి చెమట తుడుచుకుంటుండేది.

చుట్టాల పెళ్ళిళ్ళకు మాత్రం దూరంగానే కూర్చునేది. తాంబూలం ఇవ్వబోతే కొందరు వేళ్ళ చివర్లతో అందుకునేవాళ్ళు. రోగం పోయి ముప్పై ఏళ్ళయినా సరే. దానికి ఏ బిళ్ళా రాలేదు. ఆమె అది చూసీ చూడనట్టు నవ్వేది.

రవికలు కుట్టే ముసలాయన తిరుపతిలో మా వీధి చివర ఉండేవాడు. ఆయన కొలతలు రాసుకునే నోట్‌బుక్కులో ఆమె పేరు ఎదుట ఎడమవైపు ఒక అంకె, కుడివైపు ఒక అంకె ఉండేవి. ఎందుకని ఏనాడూ అడిగినవాడు కాడు. ఎడమ భుజం కింద లోపలివైపు పాతగుడ్డ మడత ఒకటి పెట్టి కుట్టిచ్చేవాడు, దానికి వేరే డబ్బు తీసుకోకుండా.