తీర్పు తరువాతి దర్యాప్తు: నిరపరాధుల విముక్తిలో ప్రైవేటు పరిశోధకుడు

క్రింది న్యాయస్థానమున దోషి యని తీర్పు పొందిన మనుష్యుని మొర పై న్యాయస్థానమునకు చేరునప్పుడు, అతని పక్షమున చేరునది ఒక కాగితముల కట్ట మాత్రమే. సాక్షుల వాఙ్మూలములు, పంచనామా, వైద్యుని నివేదిక మున్నగు వానిలో లేని విషయము న్యాయమూర్తి కంటబడుట దుర్ఘటము. న్యాయవాది యెంతటి ప్రజ్ఞాశాలియైనను ఆ కట్టలోని అక్షరములతో వాదింపగలడే గాని, రికార్డున కెక్కని సత్యమును కూర్చున్నచోటనే కల్పింపజాలడు. ఘటనాస్థలమున నిలిచి చూచి, సాక్షి వాకిటికి నడచి, న్యాయస్థానము స్వీకరింపదగిన రూపమున ఆ సత్యమును తెచ్చువాడొకడు కావలెను. తమ దర్యాప్తు ముగిసినదని తలచు పోలీసులు తిరిగి ఆ పనికి పూనుకొనుట అరుదు. ప్రైవేటు పరిశోధకుని ప్రయోజనమును, అతని వలన కలుగగల ప్రమాదమును, రెండును ఈ రెండవ నడకలోనే ఉన్నవని నా అభిప్రాయము.

ఈ విషయమున జార్జి ఎడల్జీ ఉదంతము నేటికిని పరిశీలనార్హము. అతని తండ్రి బొంబాయి పార్సీ; క్రైస్తవము స్వీకరించి, ఇంగ్లాండులో స్టాఫర్డ్‌షైరునందలి గ్రేట్ వైర్లీ గ్రామమున చర్చి గురువుగా స్థిరపడినవాడు. తల్లి ఆంగ్లేయురాలు. జార్జి బర్మింగ్‌హామున సొలిసిటరు వృత్తి చేయుచు, రైల్వే చట్టమును గూర్చి ఒక చిన్న పుస్తకము గూడ వ్రాసెను. 1903లో ఆ ప్రాంతమున ఎవరో రాత్రివేళల గుర్రములను, పశువులను కోసి గాయపరచుచుండగా, ఆ క్రూరకృత్యము అతనికి అంటగట్టి ఏడేండ్ల శిక్ష విధించిరి. మూడేండ్లు గడచిన పిదప, 1906లో, కారణమేమియు తెలుపకయే విడిచిపుచ్చిరి. చెరసాల తలుపు తెరువబడినదే గాని కళంకము తొలగలేదు. వృత్తియు తిరిగి దక్కలేదు.

అప్పుడతడు షెర్లాక్ హోమ్స్ కథల కర్తయైన ఆర్థర్ కానన్ డాయిల్‌ను ఆశ్రయించెను. డాయిల్ వృత్తిచే డిటెక్టివు కాడు. నేత్రవైద్యమున పరిశ్రమ చేసిన వైద్యుడు. ఇక్కడ కథారచన కన్న ఆ వైద్యమే ఎక్కువ అక్కరకు వచ్చెను. లండనులోని ఒక హోటలున ఎడల్జీ అతనికొరకు వేచియుండి, వార్తాపత్రికను ముఖమునకు మిక్కిలి చేరువగా, కొంచెము ప్రక్కకు త్రిప్పి పట్టుకొని చదువుచుండెను. ద్వారముకడ నుండి ఆ భంగిమను చూచినంతనే డాయిల్‌కు సందేహము పుట్టెను. నేత్రనిపుణుని పరీక్షలో ఎనిమిది డయాప్టర్ల హ్రస్వదృష్టి యని తేలెను. పిదప డాయిల్ వైర్లీకి పోయి ఆ పొలములను స్వయముగా చూచెను. పట్టపగలే ఎదుటి మనిషిని పోల్చుకొనలేని యువకుడు, వాననాటి చీకటిలో కంచెలు దూకి, రైలుమార్గము దాటి, పశువును గాయపరచి, ఎవరి కంటను పడక ఇల్లు చేరెనని నమ్మవలసి యున్నదని అతడు 1907 జనవరిలో డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికలో వ్రాయగా దేశము కదలినది. విచారణ జరిగిన కాలమున గూడ ఆ కన్నులు అవియే. నిపుణుని సాక్ష్యముతో వానిని న్యాయస్థానమునకు ఎరిగించినవారు మాత్రము లేరైరి.

ఆ యేడాది మే నెలలో ఎడల్జీకి క్షమాదానము లభించెను, నష్టపరిహారము లభింపలేదు. ఆ కేసుతో ముడిపడిన బెదిరింపు జాబులు వ్రాసినవాడు అతడే యని ప్రభుత్వ విచారణ సంఘము అప్పటికిని పట్టుబట్టుటయే అందుకు కారణము. ఇది అన్యాయమని చెప్పుటకు నేను సంకోచింపను. ఐనను ఇంగ్లాండున క్రిమినల్ అప్పీలు న్యాయస్థానము అదే 1907లో ఏర్పడుటకు ఈ ఉదంతమున కలిగిన ఆందోళన తోడ్పడినది.

అమెరికాలో ఈ పని ఒక వ్యవస్థగా రూపొందుటకు మూలపురుషుడు జిమ్ మెక్లోస్కీ. ప్రిన్స్‌టనున మతవిద్యార్థిగా నుండి, ట్రెంటను కారాగారమున ఖైదీలను పరామర్శించు కాలమున, హత్యానేరముపై యావజ్జీవ శిక్ష ననుభవించుచున్న ఒక ఖైదీ తాను నిర్దోషి నని పలుమార్లు మొరపెట్టుకొనగా, చదువు ఒక యేడాది ఆపి ఆ కేసును చేపట్టెను. తోటి ఖైదీ యొకడు ఇచ్చిన సాక్ష్యము ఆ శిక్షకు ముఖ్యాధారము. అది అసత్యమని తేలి 1983లో ఆ ఖైదీ విడుదలయ్యెను. ఆ యేడే మెక్లోస్కీ స్థాపించిన సెంచూరియన్ సంస్థ నేటివరకు అరువదిమందికి పైగా విముక్తులగుటకు తోడ్పడినది.

ఈ మార్గమున పొంచియున్న ప్రమాదమును షికాగో కేసు తెలుపును. 1982లో అచటి వాషింగ్టన్ పార్కున జరిగిన జంటహత్యలకు మరణశిక్ష పొందిన ఆంథొనీ పోర్టరు, 1998లో శిక్ష అమలునకు రెండు దినముల దూరమున నుండగా, మానసిక సామర్థ్యమును గూర్చిన సందేహముచే శిక్ష నిలిచిపోయెను. పిదప జర్నలిజము విద్యార్థులతో కలిసి పనిచేసిన ఒక ప్రైవేటు పరిశోధకుడు మరియొకనిచే నేరము ఒప్పించి, ఆ మాటలను వీడియోలో పట్టెను. 1999లో పోర్టరు విడుదలయ్యెను; ఇలినాయి రాష్ట్రము 2011లో మరణశిక్షనే రద్దుచేయుటకు దారితీసిన కారణములలో ఈ కేసొకటి. కాని నేరము ఒప్పుకొన్నవాడు పదునైదేండ్లు చెరలో మ్రగ్గిన పిదప, ఒక నటునిచే దొంగసాక్ష్యము చెప్పించిన వీడియోను చూపి ఆ ఒప్పుకోలును రాబట్టిన తీరు బయటపడగా, ప్రభుత్వమే 2014లో అతనిని విడిచిపెట్టెను. ఒకని మరణశిక్ష తప్పింపబోయి మరియొకనిని చెరకు పంపు పరిశోధన పోలీసు దౌర్జన్యమునకు భిన్నమైనది కాదు. పరిశోధకుడు తెచ్చిన ప్రతి మాటయు, తెచ్చిన విధానముతో సహా, ప్రతిపక్షపు ప్రశ్నలకు నిలువవలెను.

మన దేశమున ప్రైవేటు డిటెక్టివు సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాలేదు. అదే యేడాది డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున ఒక విద్యార్థిని హత్యకు గురికాగా, ఆ కేసులో శిక్షపడిన యువకుని 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు నిర్దోషిగా ప్రకటించునాటికి అతడు ఎనిమిదేండ్లకు పైగా జైలున గడపియుండెను. అప్పీలు దశయందును క్రొత్త సాక్ష్యమును స్వీకరించు అధికారము మన చట్టము న్యాయస్థానములకు ఇచ్చినది. ఆ సాక్ష్యమును వెదకి తెచ్చు మనిషిని పేదఖైదీ ఎక్కడినుండి తెచ్చుకొనును? ఉచితముగా న్యాయవాదిని నియమించు న్యాయసేవాధికార సంస్థలు, శిక్షణ పొందిన ఒక పరిశోధకుని గూడ ఆ న్యాయవాది ప్రక్కన నిలుపవలెనని కోరుచున్నాను.