జార్జ్ స్క్వేర్: కూలినవి, నిలిచినవి

ఎడిన్‌బరో పాత నగరానికి దక్షిణాన ఉన్న జార్జ్ స్క్వేర్ నిర్మాణాన్ని 1766లో జేమ్స్ బ్రౌన్ అనే బిల్డర్ మొదలుపెట్టాడు. అది రాజుగారి పేరని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి బ్రౌన్ సోదరుడి పేరు. నడుమ తోట, చుట్టూ రాతి ఇళ్ల వరుసలు. ఉత్తరాన న్యూటౌన్ ఇంకా లేవకముందే లాయర్లు, కలిగినవాళ్లు పాత నగరపు ఇరుకు సందులు వదిలి ఇక్కడ కాపురం పెట్టారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ బాల్యం, యౌవనం పడమటి వరుసలోని 25వ నంబరు ఇంట్లో గడిచాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విద్యార్థులు పెరిగి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చోటు చాలలేదు. విశ్వవిద్యాలయపు పాత కాలేజీ భవనం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఈ ఇళ్ల మీద దాని దృష్టి పడింది. కూల్చివేత మాట బయటికి రాగానే ఊరు రెండుగా చీలింది. నోబెల్ గ్రహీత ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రిన్సిపాల్‌గా ఉన్న విశ్వవిద్యాలయం వెనక్కి తగ్గలేదు. స్క్వేర్‌ను కాపాడుకోవాలన్న పట్టుదలతోనే 1956లో స్కాటిష్ జార్జియన్ సొసైటీ పుట్టింది. ఈ ఇళ్లను అది నిలపలేకపోయింది గాని, స్కాట్లాండ్‌లో పాత కట్టడాల కోసం నేటికీ పనిచేస్తోంది.

1960ల్లో దక్షిణపు వరుస మొత్తం నేలమట్టమైంది. ఆగ్నేయ మూలన రాబర్ట్ మాథ్యూ సంస్థ గీసిన 14 అంతస్తుల డేవిడ్ హ్యూమ్ టవర్ 1963లో పూర్తయింది. జాతుల గురించి తత్వవేత్త హ్యూమ్ రాసిన మాటలపై అభ్యంతరాలు రావడంతో 2020లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడది 40 జార్జ్ స్క్వేర్. నైరుతిన బేసిల్ స్పెన్స్ సంస్థ కట్టిన గ్రంథాలయం 1967లో తెరుచుకుంది. పొడవాటి బాల్కనీలతో తోటకు ఎదురుగా, ఎత్తు అదుపులో పెట్టుకుని నిలిచిన ఆ భవనం నిస్సందేహంగా మంచి కట్టడం. టవర్ గురించి ఆ మాట అనలేం. చుట్టూ ఉన్న రెండు, మూడు అంతస్తుల ఇళ్లతో దానికి పొత్తు కుదరలేదు. పడమటి వరుస దాదాపు పూర్తిగా, తూర్పున కొన్ని ఇళ్లు మిగిలాయి.

అందరూ స్క్వేర్ గురించే మాట్లాడతారు గాని, పెద్ద అన్యాయం దాని పక్కన జరిగింది. బ్రిస్టో వీధి, పాటరో ప్రాంతాల్లో మామూలు జనం ఉన్న ఇళ్లు, దుకాణాలు కూడా ఈ విస్తరణకే పోయాయి. వాటి పక్షాన పెద్ద గొంతులేవీ లేవలేదు. అనుకున్న భవనాలన్నీ రాకపోవడంతో క్రైటన్ వీధి పక్కన ఖాళీ అయిన స్థలం దశాబ్దాల పాటు కార్ పార్కుగా ఉండిపోయింది. అక్కడ ఇన్ఫర్మాటిక్స్ ఫోరమ్ తెరుచుకున్నది 2008లో.