గుడ్డ, ప్యాడు, కప్పు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గాయాలకు కట్టు కట్టడానికి దూది చాలలేదు. అమెరికాలోని కింబర్లీ-క్లార్క్ కంపెనీ చెక్కగుజ్జుతో తయారుచేసిన 'సెల్యుకాటన్' ఆ లోటు తీర్చింది. తడిని బాగా పీల్చుకునే ఈ పదార్థాన్ని సైనిక ఆసుపత్రుల్లోని నర్సులు బహిష్టు రోజుల్లోనూ వాడుకున్నారు. యుద్ధం ముగిశాక, 1920ల మొదట్లో, కంపెనీ దాన్నే 'కోటెక్స్' పేరుతో అమ్మకానికి పెట్టింది. నోరు తెరిచి అడగడానికి స్త్రీలు సిగ్గుపడేవారు. అందుకని దుకాణాల్లో ప్యాకెట్ల పక్కనే డబ్బులు వేసే పెట్టె ఉంచారు.

మళ్లీ మళ్లీ వాడుకునే కప్పు కూడా కొత్తదేమీ కాదు. 1937లో లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి రబ్బరు కప్పుకు పేటెంటు పొందింది. రెండవ ప్రపంచ యుద్ధంలో రబ్బరు కొరత వచ్చి దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటి కప్పులు ఎక్కువగా సిలికోన్‌వి. ఇవి స్రావాన్ని పీల్చుకోవు, పట్టి ఉంచుతాయి. 2019లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్'లో వచ్చిన సమీక్ష 43 అధ్యయనాలను పరిశీలించి, కప్పులు సురక్షితమేనని తేల్చింది. అయితే వాటిని నీళ్లలో మరిగించి శుభ్రపరచాలి.

పారవేసే ప్యాడులో పైపొర, ద్రవాన్ని జెల్‌గా మార్చే పాలిమర్, అడుగున ప్లాస్టిక్ పొర ఉంటాయి. సౌకర్యం ఎక్కువే. కానీ ఆ ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల స్త్రీలలో 64 శాతం మంది ప్యాడులు, 50 శాతం మంది గుడ్డ వాడుతున్నారు. రెండూ వాడేవారు ఉన్నందువల్ల మొత్తం నూరు దాటింది. కప్పు వాడేవారు ఒక శాతం కూడా లేరు.

గుడ్డ వాడటమే తప్పా? కాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరబెట్టిన మెత్తని నూలుగుడ్డ మంచిదే. చిక్కంతా దాన్ని ఎవరి కంటా పడకుండా చీకటి మూలల్లో, ఇతర బట్టల కింద ఆరవేయడంలో ఉంది. తడి ఆరని గుడ్డలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. సిగ్గు ఇలా ఆరోగ్య సమస్యగా మారుతుంది.

కేరళలోని కుంబళంగి గ్రామం 2022లో ప్యాడులు లేని పంచాయతీగా ప్రకటించుకుంది. అక్కడ కప్పులు పంచడంతో పాటు వాడే పద్ధతి కూడా నేర్పారు. ఏది ఎంచుకోవాలన్నది అమ్మాయి ఇష్టం. అయితే బడిలో నీళ్లు, తలుపు మూసుకునే మరుగుదొడ్డి, ఇంట్లో ఎండ తగిలే దండెం లేకపోతే ఆ ఇష్టానికి విలువేముంది? ప్యాడు వాడే అమ్మాయిని ప్లాస్టిక్ పేరుతో నిందించేముందు, ఈ మూడూ ఆమెకు ఉన్నాయా అని అడగాలి.